కుడివైపు పెట్టె

బంకాయనకు ఈ లోకంలో రెండు రకాల మనుషులు గిట్టరు. స్పీకర్లు అమ్మేవాళ్లు ఒకరు, కొనేవాళ్లు ఇంకొకరు. మరి బాగుచేసేవాళ్ల సంగతేమిటంటే, ఆ వీధిలో ఆ పని చేసేది తనొక్కడే కాబట్టి ఆ విషయం ఎప్పుడూ తేలలేదు.

వేళ్ల సందుల్లో ఎప్పుడూ ఎండిన బంక పొరలుగా వేలాడుతుంటుంది. అందుకని వీధంతా బంకాయన అంటుంది. ఇంట్లో పెళ్లాం కూడా కోపం వచ్చినప్పుడు అదే అంటుంది, అంటే రోజుకు రెండుమూడుసార్లు.

షాపు ముందు సగంలో కొడుకు ఫోన్లు బాగుచేస్తాడు. వెనక సగంలో కిటికీ కింద ముసలాయన బల్ల. పాత స్పీకరులో కాగితం కోను అంచు చుట్టూ స్పాంజి ఉంగరం ఒకటి ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ అది పాచిపోయిన రొట్టెలా పొడిపొడిగా రాలిపోతుంది. ఆ పొడి గీకి, కొత్త ఉంగరం అంటించడం బంకాయన పని. వినడానికి చిన్న పనే. కోను వెనక తీగచుట్ట ఒకటి ఉంటుంది. అది అయస్కాంతం మధ్యనున్న ఇనుప మొద్దు చుట్టూ, ఎక్కడా తగలకుండా, వెంట్రుకవాసి సందులో ఆడాలి. ఉంగరం అంటించేటప్పుడు కోను ఒక పిసరు పక్కకు జరిగినా చుట్ట మొద్దుకు రాసుకుని గరగరమంటుంది. అలా జరగకుండా మధ్య మూత ఊడదీసి, ఆ సందులో నాలుగు ఫిల్ము పట్టీలు దోపి, కోనును నడిమధ్య బిగించి, అప్పుడు అంటించాలి. బంక ఆరాక పట్టీలు లాగేసి మూత పెట్టాలి.

ఎవరు చేసినా పట్టీలు కుందేలు చెవుల్లా పైకి పొడుచుకుని ఉంటాయి. బంకాయన మాత్రం వాటిని పొట్టిగా కత్తిరించుకున్నాడు. పొడుగు పట్టీలు బంక పూసే చేతికి అడ్డం తగులుతాయట. "చేతకానివాడికే అంత తోకలు కావాలి" అనేవాడు. పెళ్లాం మోకాలికి తీసిన ఎక్స్‌రే ఫిల్ము నుంచి ఎనిమిది పట్టీలు కోసి, సున్నపు డబ్బా అంత డబ్బాలో పెట్టుకున్నాడు. పదేళ్లుగా అవే.

ఆ మధ్య వకీలుగారు ఒక జత తెచ్చాడు. ఆ వకీలు కోర్టులో ఎంత మాట్లాడతాడో తెలియదు కానీ, స్పీకర్ల దగ్గర మాత్రం ఆయన్ను ఆపడం జడ్జీ తరం కూడా కాదు. పెట్టెలను పసిపిల్లల్ని దించినట్టు బల్ల మీద దించి, "పెద్దాయనా, ఇవి ఏమిటో తెలుసా" అన్నాడు.

బంకాయనకు తెలియకేం. నలభై ఏళ్ల కిందట వీటిని గుమస్తా పెట్టెలనేవారు. మంచివి కొనే స్తోమతు లేనివాడు కొనుక్కునేవాడు. పైన పటారం, లోన లొటారం. చూడ్డానికి టేకు, గోరుతో గీరితే కాగితం, ఆ కాగితం కింద రంపపు పొట్టు. లోపల ఒక పెద్ద కోను, ఒక చిన్న కోను, వాటి మధ్య బొటనవేలంత కండెన్సరు, పిడికెడు దూది. అంతే. ఆ రోజుల్లో వాటి మీద పూలకుండీలు పెట్టి నీళ్లు పోసేవాళ్లు. ఇప్పుడు నలుగురు పెద్దమనుషులు వాటి ముందు కుర్చీలు వేసుకుని కళ్లు మూసుకుంటున్నారు.

"వీటిలో ఒక వెచ్చదనం ఉంది" అన్నాడు వకీలు. "స్వరాల మధ్య గాలి ఆడుతుంది."

"గాలి ఆడుతోందంటే పెట్టెకు బీట ఉన్నట్టు. మైనం పెడతా, పోతుంది" అన్నాడు బంకాయన.

అయితే ఆ పెట్టెల్లో ఏమీ లేదని ఆయన అనుకోలేదు. ఉన్నదేమిటో ఆయనకు తెలుసు. వాటిని చేసిన కంపెనీవాడు పరమ పిసినారి. మందం కాగితం ఖరీదని పల్చటి కాగితంతో కోను చేశాడు. నాలుగు భాగాలు పెట్టాల్సిన చోట ఒకటి పెట్టి ఊరుకున్నాడు. పల్చటి కాగితం తేలిగ్గా కదిలింది. అడ్డుపడే సామాను లేక గొంతు తన దారిన తాను సూటిగా బయటికొచ్చింది. గొప్పవాళ్ల స్పీకర్లలో పాట దర్బారులోంచి వచ్చినట్టు వచ్చేది, వీటిలో పక్క కుర్చీలోంచి వచ్చేది. పిసినారి తెలియక చేసిన మేలు అది. అంతకు మించి వాటిలో ఏమీ లేదు, అంతకు తక్కువా లేదు. ఈ మాట వకీలుకు చెప్పొచ్చు. కానీ గాడిదకు గంధం వాసన చెప్పి ఏం లాభమని చెప్పలేదు.

ఎడమ పెట్టె ఒక రోజులో అయిపోయింది. కుడి పెట్టె దగ్గరే వచ్చింది తంటా.

బంక ఆరింది. మూత చేతిలో ఉంది. సరిగ్గా అప్పుడు వడ్రంగి ఒకడు టేపు పట్టుకుని వచ్చి, ముసలాయన మోచేతి కిందనుంచే బల్లను కొలవడం మొదలుపెట్టాడు.

"ఏమిట్రా ఇది" అన్నాడు బంకాయన కొడుకుతో.

"ఏం లేదు నాన్నా. ఇక్కడొక అద్దాల బీరువా పెడితే బాగుంటుందని. ఊరికే కొలత చూస్తున్నాడు."

"పాడె కూడా ఇలాగే ఊరికే కొలుస్తారా?"

"అలా అంటావేంటి నాన్నా. నీకు చూపు తగ్గింది. మొన్న బంక డబ్బాకు బదులు టీ గ్లాసులో కుంచె ముంచావు."

"ముంచితే తాగింది నువ్వా, నేనా?"

వడ్రంగి నవ్వాడు. ఆ నవ్వుతో ముసలాయనకు అరికాలి మంట నెత్తికెక్కింది. మూతకు బంక రాసి, కోను మధ్య దబుక్కున పెట్టి, బొటనవేలితో చుట్టూ నొక్కాడు. నొక్కుతూనే అన్నాడు. "విను. ఈ బల్ల మీద నుంచి వెళ్లిన పెట్టె ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, పని బాగాలేదని వెనక్కి రానియ్యి. ఆ రోజే లేచిపోతా. నువ్వు అద్దాల బీరువా పెట్టుకుంటావో, అందులో నువ్వే కూర్చుంటావో, నీ ఇష్టం. అందాకా ఆ టేపు ఇటు రావడానికి వీల్లేదు."

కొడుకు సరేనన్నాడు. వాడు మెతక మనిషి. నోట్లో వేలు పెట్టినా కొరకడు. అలాంటివాళ్లు ఆగగలరు, అదే వాళ్ల బలం.

రెండు వారాలకు వకీలు మళ్లీ వచ్చాడు. చేతులు ఊపుకుంటూ వచ్చాడు, పెట్టెల్లేవు.

"పెద్దాయనా, మీరు చేసింది బాగుచేయడం కాదు, ప్రాణం పోయడం" అన్నాడు. కొడుకు ఫోను పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. "ముఖ్యంగా ఆ కుడి పెట్టె. దాని కింది స్వరంలో ఎంత సంయమనం. మాతో కూర్చుని వినే కాంట్రాక్టరు ఏమన్నాడో తెలుసా? ఎడమది మాట్లాడుతుంది, కుడిది ఆలోచిస్తుంది అన్నాడు."

"రెండూ ఒకేలా మాట్లాడాలి కదండీ" అన్నాడు బంకాయన.

"అదే మీ గొప్పతనం. తెలియనట్టే అంటారు."

వకీలు వెళ్లాక కొడుకు తండ్రి వైపు చూసిన చూపులో గౌరవం ఉంది. చాలా ఏళ్ల తర్వాత కనిపించింది కాబట్టి ముసలాయన గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది. కానీ ఆయన మనసు కుడి పెట్టె దగ్గరే ఆగిపోయింది. ఆలోచించే స్పీకరును ఆయన తన జన్మలో చూడలేదు. స్పీకరు ఆలోచిస్తోందంటే దానికి ఏదో రోగం ఉన్నట్టు.

ఈలోగా ఇంకో జత పని వచ్చింది. డబ్బా మూత తీశాడు. పట్టీలు నాలుగే ఉన్నాయి.

బల్ల కింద వెతికాడు. చొక్కా జేబులు వెతికాడు. చెత్తబుట్ట కూడా బోర్లించాడు. నిజానికి బుట్ట బోర్లించేటప్పటికే ఆయనకు తెలుసు. వడ్రంగి నవ్వినప్పుడు మూత చేతిలో ఉంది, ఆ కోపంలో తర్వాత మోగించి కూడా చూడలేదు. పట్టీలు సందులో ఉన్నాయి. పొట్టివి కాబట్టి మూతకు అడ్డం రాలేదు. ఏ చేతకానివాడి పట్టీలైనా ఆగు అని చెప్పి ఉండేవి.

అంటే వకీలు ఇంట్లో ఆ పెద్ద కోను కదలడం లేదు. మెడకు నాలుగు వైపులా చెక్కలు కట్టిన ఎద్దులా బిగుసుకుపోయి ఉంది. ఆ బిగుసుకుపోవడాన్ని నలుగురు పెద్దమనుషులు సంయమనం అంటున్నారు.

ఆ మధ్యాహ్నం అన్నం దగ్గర పెళ్లాంతో చెప్పాడు. ఇంకెవరితో చెబుతాడు.

"అంటే నా మోకాలు వకీలుగారి ఇంట్లో ఉందన్నమాట" అందావిడ.

"నవ్వులాట కాదే."

"నవ్వడం లేదయ్యా. ఆయన బాగుందన్నాడు కదా. తెచ్చి నీ మొహాన కొట్టలేదు కదా. కొడుకు కూడా నోరు మూసుకున్నాడు. నీ బల్ల నీకు దక్కింది. నోరు మూసుకుని కూర్చోవడం నీకు పుట్టుకతో వచ్చిన విద్యేగా, ఈ ఒక్కసారి పనికొచ్చేట్టు మూసుకో."

"అది తప్పుడు పని."

"ఎవరికి తెలుసు?"

"నాకు తెలుసు."

"నీకు తెలిసినవన్నీ ఊరికి చెప్పేవాడివైతే నేను నీతో నలభై ఏళ్లు ఎలా ఉండేదాన్ని?" అని ఆవిడ మజ్జిగ పోసింది. ఆవిడ మాట తీసిపారేయాల్సింది కాదు. ఆయన మూడు రోజులు ఆ మాట మీదే కూర్చున్నాడు. గుట్టుగా వెళ్లి, గుట్టుగా పట్టీలు లాగేసి వస్తే పని పనిలా ఉంటుంది, బల్ల బల్లలా ఉంటుంది అనిపించింది. పట్టకారు, సన్న బ్లేడు, మూత బంక కరిగించే మందు సీసా, బంక జేబులో వేసుకుని ఆదివారం పొద్దున బయల్దేరాడు.

ఆదివారం వెళ్లడమే తప్పయింది. గదిలో నలుగురూ ఉన్నారు. వకీలు, కాంట్రాక్టరు, పళ్ల డాక్టరు, ఇంకొకాయన. ఆ ఇంకొకాయన నిద్రపోతున్నాడో వింటున్నాడో తేలలేదు. కిటికీలకు మందపాటి తెరలు. గోడలకు కంబళ్లు. మధ్యలో గుమస్తా పెట్టెలు చెరొక ఇనుప పీట మీద, పెళ్లిపీటల మీద ముసలి జంటలా కూర్చున్నాయి. పాట వస్తోంది. ఎవరో ఆడగొంతు. ఎడమవైపు మనిషి, కుడివైపు ఆమె పీలగొంతు నీడ. గుమ్మం దగ్గరే బంకాయనకు తెలిసిపోయింది. చెప్పులు విప్పే లోపలే సిగ్గేసింది.

"రండి రండి, ప్రాణదాత వచ్చాడు" అన్నాడు వకీలు.

"కుడి పెట్టె ఒకసారి విప్పాలండీ. చిన్న పని ఉండిపోయింది."

కాంట్రాక్టరు కుర్చీలోంచి సగం లేచాడు.

"విప్పడమా" అన్నాడు కాంట్రాక్టరు. ఇంటి గోడ విప్పుతానన్నట్టు చూశాడు. "చూడు పెద్దాయనా, కుదిరినదాన్ని కెలకకూడదు. ఆ పెట్టెలో ఇప్పుడున్న పరిణతి మళ్లీ వస్తుందా?"

"పరిణతి కాదు బాబూ. లోపల పట్టీలు మరిచిపోయాను."

"ఏ పట్టీలు?"

చెప్పాడు. బతుకులో ఆయన ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడింది అప్పుడే కావచ్చు. చుట్ట, మొద్దు, సందు, మూత, అన్నీ చెప్పాడు. వడ్రంగి సంగతి మాత్రం చెప్పలేదు, తప్పు తనది కాబట్టి. నలుగురూ తల ఊపారు. చివరికి వకీలు కాంట్రాక్టరు వైపు తిరిగి, "నేను చెప్పలేదూ? ఏదో కిటుకు ఉందని. ఇప్పుడు బయటపెట్టాడు" అన్నాడు.

చెవిటివాడి ముందు శంఖం ఊదితే కనీసం వాడు వినపడలేదంటాడు. వీళ్లు శంఖం ఎంత రుచిగా ఉందో చెబుతున్నారు.

ఇక ఆయన అడగలేదు. పాట ఆపించలేదు కూడా. కుడి పెట్టె ముందు గొంతుకూర్చుని, పెట్టె మొహానికున్న గుడ్డ ఊడబెరికి, మూత అంచు చుట్టూ మందు చుక్కలు వేసి బ్లేడు దూర్చాడు. వకీలు "అయ్యయ్యో" అంటూ లేచాడు. మూత వచ్చేసింది. పట్టకారుతో ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగో పట్టీతో పాటే కోను ఊపిరి పీల్చుకుంది. కుడివైపు నీడకు ఒళ్లు వచ్చింది. రెండు పెట్టెల మధ్య, ఎవరూ లేని చోట, ఆడమనిషి వచ్చి కూర్చుని పాడింది. పక్క కుర్చీ దూరమే.

బంకాయన వాళ్ల మొహాలు చూశాడు.

కాంట్రాక్టరు పెదవి విరిచాడు. "పోయింది" అన్నాడు.

"మామూలు అయిపోయింది" అన్నాడు వకీలు, దిగులుగా. "ఇలా అయితే బజార్లో ఏ స్పీకరైనా పాడుతుంది."

నిద్రపోతున్నాయన కళ్లు తెరిచి, "పాట మార్చారా?" అని అడిగాడు.

కాంట్రాక్టరు ఒక పట్టీ తీసుకుని వెలుతురుకు పట్టి చూశాడు. అందులో తెల్లగా ఎముక ముక్క కనిపించింది. "ఇదేదో ప్రత్యేకమైన ఫిల్ము" అన్నాడు మెల్లగా. "చూడండి, లోపల చార ఉంది."

"మా ఆవిడ మోకాలు" అన్నాడు బంకాయన.

ఎవరూ నవ్వలేదు. వకీలు ముందుకు వంగి, కేసు రాజీ కుదిర్చే గొంతుతో అన్నాడు. "పెద్దాయనా, జరిగిందేదో జరిగింది. వాటిని మళ్లీ పెట్టేయండి. వీలైతే ఎడమదానికి కూడా."

బంకాయన మూతకు బంక రాసి, ఖాళీ సందు మీద పెట్టి, చుట్టూ నొక్కాడు. పట్టీలు జేబులో వేసుకున్నాడు. నాలుగోది కాంట్రాక్టరు వేళ్లలోంచి లాక్కున్నాడు. ఏ మాటా అనలేదు. అనడానికి మాటలు లేక కాదు. ఉన్నవి మంచివి, ఇక్కడ పారేయడం ఎందుకని.

గేటు దాకా పళ్ల డాక్టరు వెంట వచ్చాడు. గదిలో ఉన్నంతసేపూ ఈయన నోరు విప్పలేదు. గేటు గడియ మీద చెయ్యి వేసి, వెనక్కి ఒకసారి చూసి, చిన్నగా అన్నాడు.

"నాకు మొదటి రోజే తెలుసు. కుడిది చచ్చి పడుంది."

బంకాయన ఆగాడు. "మరి చెప్పలేదేం?"

"ఎలా చెబుతానండీ. వాళ్లందరూ ఆహా అన్నారు. నేను ఒక్కడినే కాదంటే బాగుంటుందా? ప్రతి ఆదివారం వాళ్లతో కూర్చోవాలి కదా." డాక్టరు నవ్వాడు. చక్కటి పళ్లు. "మీరు కూడా ఊరుకుని ఉంటే సరిపోయేది. ఎవరికీ నష్టం లేదు."

ముసలాయన ఆయన్ను కాళ్ల నుంచి తల దాకా చూశాడు. లోపలున్న ముగ్గురికీ చెవుల్లేవు, పాపం, దేవుడు ఇవ్వలేదు. ఇతనికి ఇచ్చాడు. ఇస్తే వాటిని తీసి జేబులో పెట్టుకుని కుర్చీ కోసం కూర్చున్నాడు. ఈ మాట అనబోయాడు. నోటిదాకా వచ్చింది. అప్పుడే, అన్నం దగ్గర మూడు రోజులుగా తను నమిలిందీ ఇదే ముద్ద కదా అని తోచింది. ఇతను కుర్చీ కోసం ఊరుకున్నాడు. తను బల్ల కోసం ఊరుకోవాలని చూశాడు. గుట్టుగా వచ్చి, గుట్టుగా లాగేసి, గుట్టుగా పోదామని పట్టకారు జేబులో దాచుకుని మరీ వచ్చాడు.

"మీ చెవులు మంచివి" అన్నాడు చివరికి. "అమ్మేయండి. మీకు వాటితో పని లేదు."

అక్కడి నుంచి ఇంటికి పోలేదు. తిన్నగా షాపుకు నడిచాడు. ఆదివారమైనా కొడుకు కౌంటరు తెరిచే ఉంచుతాడు. ఒక ఫోను పొట్ట విప్పుకుని కూర్చున్నాడు.

"ఒకటి వెనక్కి వచ్చింది" అన్నాడు బంకాయన.

కొడుకు తలెత్తాడు. "ఏది? ఎవరూ తేలేదే."

"నేనే వెళ్లి తెచ్చా." పట్టీలు నాలుగూ కౌంటరు అద్దం మీద పెట్టాడు. "వకీలు కుడి పెట్టె. లోపల మరిచిపోయా. తీసి వచ్చా. పని తప్పే."

కొడుకు పట్టీలను చూశాడు, తండ్రిని చూశాడు. ఇంత సులువుగా దక్కుతుందని వాడు అనుకోలేదు. ఆశపడ్డది ఒళ్లో పడితే మెతక మనిషి కంగారుపడతాడు.

"నాన్నా, వకీలుగారు ఇప్పుడే ఫోను చేశారు" అన్నాడు. "ఆయనేం తప్పు పట్టలేదు. పైగా వాళ్ల స్నేహితులవి మూడు జతలు పంపుతారట. అన్నింటికీ అవే పట్టీలు పెట్టాలట. మీ నాన్నగారు తప్ప ఇంకెవరూ చేయలేరన్నారు. బీరువా సంగతి వదిలెయ్. నువ్వు కూర్చో."

ముసలాయన వెనక సగం వైపు చూశాడు. కిటికీ కింద బల్ల, దాని మీద సగం విప్పిన జత, కుంచె నిలబెట్టిన డబ్బా. ఆ బల్లకూ ఆయనకూ మధ్య ఇప్పుడు ఎవరూ లేరు. నోరు కట్టేసిన స్పీకర్లు చేస్తానంటే చాలు, చచ్చేదాకా అక్కడే కూర్చోవచ్చు.

"అది నువ్వే చెయ్యి" అన్నాడు. "మూత తీసి ఏదో ఒకటి కుక్కితే చాలు. దానికి పనివాడు అక్కర్లేదు, కొనేవాడుంటే చాలు."

"నాన్నా..."

"మాట అంటే మాటే. వెనక్కి వస్తే లేస్తానన్నా. ఎవడు తెచ్చాడన్నది లెక్కలో లేదు."

సగం విప్పిన జత మాత్రం పూర్తిచేశాడు. అది వేరే మనిషిది, మధ్యలో వదిలేయడం మర్యాద కాదు. రెండింటికీ నాలుగేసి పట్టీలు, లాగినప్పుడు పైకి లెక్కపెడుతూ లాగాడు. ఒకటి, రెండు, అని కొడుకుకు వినపడేట్టు. తర్వాత విడి అయస్కాంతాలన్నీ ఒక పెట్టెలో వేసి, ఎత్తి, ఇంటికి పోతూ కౌంటరు పక్కన ఆగాడు.

"ఆ ఫోన్లు పక్కకు తియ్యి. వీటి దగ్గర పెడితే చస్తాయి" అన్నాడు. "ఆ సంగతి కూడా నేనే చెప్పాలా."